దివిసీమ తిన్నెలకు పాలమూరు ఇసుక

నాగార్జునసాగర్ మొదట్లో 408 టీఎంసీల నీళ్లు పట్టేది. ఇప్పుడు 312 దగ్గరే నిండిపోతోంది. పైనున్న శ్రీశైలం 308 నుంచి 215కు పడిపోయింది. రెండూ కలిపితే పోయిన జాగా 180 టీఎంసీల పైమాటే. పూడిక తినేసిన ఆ జాగా వల్ల ఎంత ఆయకట్టు ఎండుతోందో మన జిల్లాల్లో ఏటా మాట్లాడుకుంటూనే ఉన్నాం. మాట్లాడుకోవాల్సిందే. అయితే ఆ ఒండ్రు, ఆ ఇసుక మధ్యలో ఆగకుండా ఉంటే ఎక్కడికి చేరేవి, అక్కడ ఏం పని చేసేవి అన్న ప్రశ్న నల్లగొండలో గానీ పాలమూరులో గానీ ఎవరూ అడగడం లేదు.

చేరాల్సింది సముద్రానికి. కృష్ణమ్మ తెచ్చిన ఇసుకను అలలు తీరం వెంబడి పరుస్తాయి. ఎండిన ఇసుకను గాలి లేపి ఒడ్డు మీద పోగేస్తుంది. ఆ పోగు మీద ముళ్ల కాయల గడ్డి, ఊదారంగు పూల తీగ పాకి వేళ్లతో పట్టుకుంటాయి. ఇంకొంచెం ఇసుక వచ్చి ఆగుతుంది. ఇలా ఏళ్ల తరబడి పెరిగినవే మన వాళ్లు సెలవుల్లో రైలెక్కి సూర్యలంకకో, ఓడరేవుకో పోయినప్పుడు దాటి వెళ్లే ఇసుక తిన్నెలు.

చూడటానికి ఉత్త దిబ్బ. తుపాను రోజున మాత్రం దాని పని వేరు. పెద్ద అలలు వచ్చి తిన్నె ముందు భాగాన్ని కోస్తాయి. కోసిన ఇసుక సముద్రంలో కొద్ది దూరంలోనే అడ్డుగట్టుగా పేరుకుంటుంది. వెనక వచ్చే అలలు ఆ గట్టు మీదే విరిగి జోరు తగ్గుతాయి. తుపాను పోయాక నెలల తరబడి చిన్న అలలు అదే ఇసుకను తిరిగి ఒడ్డుకు చేరుస్తాయి. కరువులో తీసి తిని, పంట రాగానే మళ్లీ నింపుకునే గాదె లాంటిది తిన్నె. కాంక్రీటు గోడ ఒకసారి పగిలితే దానంతట అది లేవదు. తిన్నె లేస్తుంది. ఇసుక వస్తూ ఉంటేనే లేస్తుంది.

1977 నవంబరు 19న, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట ఉన్న దివిసీమను ముంచిన ఉప్పెన పది వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. అప్పుడు మనదంతా ఒకే రాష్ట్రం. అంతటి ఉప్పెనను ఇసుక దిబ్బ ఒక్కటే ఆపేస్తుందని మేము అనడం లేదు. హెచ్చరికలు కావాలి, తుపాను షెల్టర్లు కావాలి, రోడ్లు కావాలి. అయితే అల నేరుగా వచ్చి ఊరి మీద పడటం వేరు, తిన్నెను, దాని వెనక చెట్లను దాటుకుని నీరసించి రావడం వేరు. 2019 నాటి తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ ఇసుక తిన్నెలను అన్నిటికంటే గట్టి రక్షణ ఉండాల్సిన జాబితాలో చేర్చింది కూడా ఇందుకే. కాగితం మీద అంత రక్షణ ఉన్నా రొయ్యల చెరువు కోసం, రిసార్టు కోసం తిన్నెను చదును చేసే జేసీబీ ఆగడం లేదు. సరుగుడు నాటితే చాలనుకోవడం కూడా పొరపాటే. అలలకు దగ్గరగా సొంతంగా పెరిగే గడ్డిని, తీగను పీకి చెట్లు నాటితే ఇసుకను పట్టే వేళ్లే పోతాయి. సరుగుడు తోట తిన్నె వెనక ఉండాలి.

ఇది ఆంధ్రా వాళ్ల సంగతి, మనకెందుకు అని మన పాఠకుల్లో కొందరైనా అనుకుంటారు. తీరంలో ఇసుక చేసే పని లాంటిదే ఇక్కడ దుందుభిలో, ఊకచెట్టు వాగులో, మూసీలో, పాలేరులో కూడా జరుగుతోంది. అక్కడ తిన్నెను తవ్వడం ఎంత ప్రమాదమో ఇక్కడ వాగు అడుగును తవ్వడం అంతే ప్రమాదం.

వాగులో ఇసుక ఉత్త సరుకు కాదని పాత తరం రైతులకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఎండాకాలం వాగు పైకి ఎండినట్టు కనిపించినా మూరెడు లోతున చెలిమె తీస్తే తియ్యటి నీళ్లు ఊరేవి. ఇసుక రేణువుల మధ్య ఖాళీల్లో వాన నీరు నిలిచి ఉంటుంది. మంచి ముతక ఇసుక మేటలో దాదాపు నాలుగో వంతు నీళ్లే పట్టగలవు. ఫ్లోరైడ్‌తో తరాల తరబడి నడుములు వంగిన మర్రిగూడ, నాంపల్లి వైపు పల్లెలున్నది మన నల్లగొండ జిల్లాలోనే. లోతు బోరు నీటికీ వాగు ఊట నీటికీ తేడా ఇక్కడి వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

వరద వచ్చినప్పుడు ఈ ఇసుక మేటే నీటి వడిని తగ్గిస్తుంది. వెడల్పాటి ఇసుక పరుపు మీద నీరు పరుచుకుని, కొంత ఇంకి, ఒడ్డున రెల్లు పొదల్లో తట్టుకుని నిదానంగా పోతుంది. ఆ ఇసుకను మనిషి లోతు తవ్వి తీశాక వచ్చే వరద వేరు. గుంతలోకి దూకిన నీరు గుంత ఎగువ అంచును కోస్తుంది. ఆ కోత ఏటేటా ఎగువకు పాకుతుంది. ఒడ్లు విరిగి పట్టా భూములు వాగులో కలుస్తాయి. బ్రిడ్జి పిల్లర్ల పునాదులు బయటపడతాయి. వాగు అడుగు దిగిపోయాక చుట్టుపక్కల బావుల నీళ్లే వాగులోకి జారి వెళ్లిపోతాయి. వానాకాలం వరద, ఎండాకాలం కరువు అని మనం వేరువేరుగా తిట్టుకునే రెండు బాధలకూ చాలా చోట్ల కారణం ఆ గుంతే.

2009 అక్టోబరులో కృష్ణ, తుంగభద్ర ఒకేసారి పొంగి అలంపూర్, రాజోలి ఎలా మునిగాయో పాలమూరు మరిచిపోలేదు. శ్రీశైలం డ్యామ్ తట్టుకుంటుందా అని రాష్ట్రమంతా టెన్షన్‌తో గడిపిన రోజులవి. 2024 సెప్టెంబరు మొదటి రోజున కోదాడ వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి. ఇవి ఇసుక తవ్వకాల వల్లే వచ్చాయని అనడం అబద్ధమవుతుంది. కురిసిన వాన అలాంటిది. కానీ అలాంటి వానలు ఇకముందు కూడా పడతాయని తెలిసీ, నీటి వడి తగ్గించే ఇసుకను రాత్రికి రాత్రి ట్రాక్టర్ల కెత్తి హైదరాబాద్ పంపడం ఏం తెలివి?

వాగు ఇసుక అయిపోయిన చోట ఇంకో దందా మొదలైంది. పొలం మట్టిని తవ్వి, నీళ్లతో కడిగి, ఫిల్టర్ ఇసుక అని అమ్ముతున్నారు. పై మట్టి పోతుంది, కడగడానికి భూగర్భ జలం పోతుంది, మిగిలిన బురద కుంటల్లో చేరుతుంది. అప్పులున్న రైతు ఎకరాకు ఇంతని తీసుకుని ఒప్పుకుంటాడు. అతన్ని తప్పు పట్టలేం. ఆ లారీలు ఏ చెక్‌పోస్టు దాటి వెళ్తున్నాయో తెలిసీ కళ్లు మూసుకున్న వాళ్లను తప్పు పడతాం.

ఇల్లు కట్టుకునే పేదవాడికి ఇసుక కావాలి. ఇందిరమ్మ ఇల్లు మంజూరైన కుటుంబం ట్రాక్టర్ ఇసుక కోసం దళారి చుట్టూ తిరగడం అన్యాయం. అందుకే ఊరి అవసరానికి ఊరి వాగు నుంచి కొలిచి ఇచ్చే పద్ధతి ఉండాలి, ఉన్నచోట గట్టిగా నడవాలి. పెద్ద అపార్టుమెంట్లకు, రోడ్లకు, ప్రభుత్వ భవనాలకు మాత్రం రాయిని నలిపి చేసే రోబో శాండ్ తప్పనిసరి చేయాలని మా అభిప్రాయం. రాతి గుట్టలున్న మన జిల్లాల్లో దానికి కొదవ లేదు. క్రషర్ల దుమ్ము, పేలుళ్లు ఊళ్లకు దూరంగా ఉండేలా చూడటం కూడా అందులో భాగమే.

చట్టాలు లేక కాదు ఈ పరిస్థితి. నీరు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది. చిన్న రీచ్ (ఇసుక తవ్వే చోటు) అయినా పర్యావరణ అనుమతి లేకుండా తవ్వరాదని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. కేంద్రం 2016లో, మళ్లీ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కీలకమైన మాట ఒకటుంది: ఒక వానాకాలంలో వాగులోకి ఎంత ఇసుక కొత్తగా వచ్చిందో కొలిచి, దాన్ని బట్టే తవ్వకం ఎంతో తేల్చాలి. ఈ కొలత నిజాయితీగా జరిగితే మన వాగుల్లో చాలా రీచ్‌లు కొన్నేళ్లు మూతపడాల్సి వస్తుంది. మూసేయాలి. బ్రిడ్జిల దగ్గర, తాగునీటి బావుల దగ్గర, ఒడ్డును ఆనుకుని ఒక్క తట్ట కూడా తీయకూడదు.

కృష్ణా నది యాజమాన్య బోర్డులో రెండు రాష్ట్రాలూ టీఎంసీల కోసం కొట్లాడుతున్నాయి. మన వాటా కోసం కొట్లాడటంలో తెలంగాణ వెనక్కి తగ్గకూడదు. అదే బల్ల మీద ఇసుక లెక్క కూడా పెట్టాలి. డ్యాముల నుంచి పూడికను కొంతైనా దిగువకు ఎలా వదలాలి, ఎక్కడెక్కడ తీయాలి, తీసింది పొలాలకు ఎంత, నదికి ఎంత అన్నది రెండు రాష్ట్రాలూ కలిసి తేల్చుకోవాల్సిన విషయం. సాగర్‌లో జాగా పెరిగితే మన ఆయకట్టుకు మేలు. ఇసుక కిందికి పోతే దివిసీమ తిన్నెలకు మేలు. ఇందులో ఒకరిది ఇంకొకరు గుంజుకునేది ఏమీ లేదు.

వానలు తగ్గి వాగులు తేరుకోగానే జిల్లాల్లో కొత్త రీచ్‌ల ఫైళ్లు కదులుతాయి. ఈసారి వాటి కంటే ముందు నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట కలెక్టర్లు ప్రతి వాగులో ఎంత ఇసుక వచ్చిందో, ఎంత మిగలాలో కొలిపించాలి. ఆ అంకెలు గ్రామసభలో చదివి వినిపించాలి. పంచాయతీ గోడ మీద అందరికీ కనిపించేలా రాయించాలి. అది జరిగేదాకా ఒక్క కొత్త రీచ్‌కూ సంతకం పెట్టవద్దని కోరుతున్నాం.