లిబర్టీ బెల్ 7 తలుపుకి ఓ జాబు

అట్లాంటిక్ అడుగున ఎక్కడో పడున్న తలుపుకి,

ఉభయకుశలోపరి. 1961 జులై 21న అమెరికా అంతరిక్ష వాహనం లిబర్టీ బెల్ 7 నుంచి ఎగిరిపోయావు, అప్పట్నుంచి నీ జాడ లేదు. ఊరుకున్నంత ఉత్తమం లేదని పెద్దలు అన్నది నీ గురించే కాబోలు. నువ్వు నోరు విప్పకపోవడంతో ఒక మనిషి పరువు మాత్రం అరవై ఏళ్లకు పైగా నీళ్లలో నానుతోంది.

మొన్న రాత్రి 'ద రైట్ స్టఫ్' మళ్లీ చూశాను. అమెరికా తొలి వ్యోమగాముల మీద 1983లో వచ్చిన సినిమా, మూడు గంటల పైమాటే. దానికొచ్చిన నాలుగు ఆస్కార్లలో రెండు చప్పుళ్లకే ఇచ్చారు. వాటిలో నీ 'ఢాం'కి వాటా ఎంతో మరి.

నువ్వు మామూలు తలుపువి కాదులే. 70 టైటానియం బోల్టులతో బిగించారు నిన్ను. ఒక్కో బోల్టుకీ సన్నటి బెజ్జం పెట్టి కావాలనే బలహీనం చేశారు, చుట్టూ పేలుడు వత్తి చుట్టారు. పిన్ను తీసి, లోపలున్న మీట నొక్కితే నువ్వు ఎగిరిపోవాలి. వ్యోమగామి గస్ గ్రిసమ్ పావుగంట అంతరిక్షయాత్ర చక్కగా ముగించి సముద్రంలో దిగి, హెలికాప్టర్ కోసం ఎదురుచూస్తుంటే నువ్వు ఎగిరిపోయావు. నీళ్లు లోపలికొచ్చాయి. ఆయన బయటపడ్డాడు కానీ, సూటుకి గాలి వచ్చే రంధ్రం మూయడం మరిచాడు. అందులోంచీ నీళ్లు. సరదాగా పట్టుకెళ్లిన రెండు కట్టల పది సెంట్ల నాణేలు మరో బరువు. చేతులూపి పిలిస్తే, 'బాగానే ఉన్నాడు, టాటా చెబుతున్నాడు' అనుకున్నారట పైనున్నవాళ్లు. చివరికి పైకి లాగాక, హెలికాప్టర్‌లో కూర్చుని ఆయన చేసిన మొదటి పని లైఫ్ జాకెట్ తొడుక్కోవడం. అప్పటికి వాహనం మునిగిపోయింది.

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, మీట తనే నొక్కేశాడన్న నింద ఆయన మీద పడింది. సినిమాలో గ్రిసమ్ తలుపు దానంతటదే ఊడిందని మొత్తుకుంటాడు, వినేవాళ్ల ముఖాల్లో నమ్మకం కనబడదు. నొక్కాడని చెప్పరు, నొక్కలేదనీ చెప్పరు. 'నాకేం తెలుసు వదినా, నేను చూశానా' అంటూనే చెప్పాల్సిందంతా చెప్పే పక్కింటావిడ తీరు. 1962 అక్టోబర్‌లో మరో వ్యోమగామి వాలీ షిరా ఓడ మీద కూర్చుని అలాంటి తలుపునే కావాలని పేల్చాడు. మీట ఎదురు తన్ని చెయ్యి కమిలిపోయింది. గ్రిసమ్ చేతి మీద అలాంటి గుర్తే లేదు. ఆ కమిలిన చెయ్యి సినిమాకి కనబడలేదు. షిరా ప్రయాణాన్నే దాదాపు దాటేశారు!

గ్రిసమ్ మాత్రం 1965లో తన తర్వాతి వాహనం జెమిని 3కి 'మోలీ బ్రౌన్' అని పేరు పెట్టుకున్నాడు. టైటానిక్ మునిగినా తాను మునగని ఆవిడ. సినిమా ఇది కూడా చెప్పలేదు.

నీ తర్వాతి తలుపు సంగతి తెలుసా? 1967 జనవరి 27న గ్రిసమ్ ఎక్కిన అపోలో 1 వాహనం నేల మీదే ఉంది, ఉత్త పరీక్ష. లోపల మంటలు లేచాయి. ఆ తలుపు లోపలికి తెరుచుకునే రకం, పెరిగిన గాలి ఒత్తిడి దాన్ని బిగించి పట్టేసింది. గ్రిసమ్, తోటి వ్యోమగాములు వైట్, చాఫీ ముగ్గురూ పోయారు. తీయకూడనప్పుడు తెరుచుకున్నది నువ్వు, తీయాల్సినప్పుడు తెరుచుకోనిది అది. మధ్యలో ఒకే మనిషి. సినిమా ఈ ముగ్గురి చావునీ చివర్లో ఒక్క వాక్యంలో చెప్పి, మరుక్షణం ఇంకో వ్యోమగామి గోర్డన్ కూపర్ వెంట ఆకాశంలోకి వెళ్లిపోతుంది.

1999 జులైలో, దాదాపు 5 కిలోమీటర్ల లోతు నుంచి వాహనాన్ని పైకి తీశారు. ఇప్పుడది కేన్సస్‌లోని ఒక మ్యూజియంలో ఉంది. లోపల బురదలో పది సెంట్ల నాణేలు కూడా దొరికాయి. నువ్వే దొరకలేదు. పరారీలో ఉన్నావని రాసుకోమంటావా? నొక్కాడా, లేదా? కార్డు ముక్క మీద ఒక్క మాట రాసి పడెయ్.

ఇట్లు,
టికెట్టు కొనని ప్రేక్షకుడు

తా.క.: ఫిలడెల్ఫియాలోని అసలు లిబర్టీ బెల్‌కి పగులుందని, నీ వాహనం మీద కూడా తెల్ల రంగుతో పగులు గీశారు. నీళ్లలో దిగే బండికి! మా ఇంట్లో అయితే మంచం కోడు విరిగినా ఆ పగులునే అనేవాళ్లు.