పంటకాలువ మురుగుకాలువైన ఊళ్ళో పూడిక ఎవరి వంతు?

నెల్లూరుకు అసలు వాన ఆషాఢంలో రాదు. ఏడాది మొత్తం మీద పడే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో, బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలతో వస్తుందని ఈ జిల్లాలో సేద్యం చేసిన ప్రతి ఇంటికీ తెలుసు. అయినా ఏటా చిత్త కార్తెలో మొదటి పెద్ద వాన కురిసిన గంటకే మాగుంట లేఅవుట్, ఆత్మకూరు బస్టాండు, రామలింగాపురం దగ్గరి రైల్వే అండర్‌బ్రిడ్జిల కింద నీళ్ళు నిలుస్తాయి. చెన్నై, విజయవాడల మధ్య నడిచే రైలుమార్గం నగరాన్ని నిలువునా చీలుస్తున్నందువల్ల ఆ దారులు మూసుకుపోయిన పూట తూర్పు నెల్లూరు ఒక ఊరు, పడమటి నెల్లూరు మరో ఊరు అవుతాయి. పొగతోట ఆసుపత్రులకు వెళ్ళవలసిన రోగి, బడి నుంచి రావలసిన పిల్లలు, దుకాణం మూసుకుని ఇంటికి చేరవలసిన గుమస్తా అందరూ ఒకే చోట ఇరుక్కుపోతారు.

అండర్‌బ్రిడ్జి చుట్టూ ఉన్న నేలకంటే పల్లంలో ఉంటుంది కాబట్టి అక్కడికి నీరు చేరడం వింత కాదు. మోటార్లు పెట్టి తోడవచ్చు, తోడుతున్నారు కూడా. అయితే తోడిన నీరు పోవలసిన కాలువే పూడిపోయి ఉంటే ఆ నీరు రోడ్డెక్కి మళ్ళీ అదే పల్లానికి వస్తుంది. కనుక మన కళ్ళకు కనిపించేది అండర్‌బ్రిడ్జి సమస్యే గాని, అసలు సమస్య అక్కడికి అర కిలోమీటరో, కిలోమీటరో దూరాన, ఎవరూ తొంగిచూడని ఏదో ఒక కాలువ మలుపులో ఉంటుంది.

2021 నవంబరులో పెన్న పొంగి భగత్‌సింగ్ కాలనీని, పొర్లుకట్ట ఇళ్ళను ముంచిన వరద సంగతి వేరు. ఆనాడు పడుగుపాడు దగ్గర రైలుపట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, కోవూరు వైపు జాతీయ రహదారి తెగింది. అంతటి ప్రవాహం ముందు పూడిక తీసిన కాలువ కూడా చిన్నదే. నదీగర్భంలో ఇళ్ళు ఎందుకు వెలిశాయి, పేదవాడికి అంతకంటే మెరక నేల ఎందుకు దొరకలేదు అన్న ప్రశ్నలకు మరో వ్యాసం కావాలి. నేను ఇక్కడ మాట్లాడుతున్నది ప్రతి ఏడూ వచ్చే మామూలు వాన గురించి, ఆ వానను మోయలేకపోతున్న మామూలు కాలువల గురించి.

ఆ కాలువలు మురుగు కోసం తవ్వినవి కావు. పెన్నకు అడ్డంగా 1850వ దశకంలో ఆనకట్ట కట్టి, ఆ నీటితో నెల్లూరు చెరువును నింపి, కింద వేల ఎకరాలకు పారించిన సాగునీటి వ్యవస్థలో అవి భాగాలు. సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ, వాటి నుంచి చీలిన చిన్న పంటకాలువలు ఊరి మధ్య నుంచి, ఊరి అంచుల నుంచి పొలాలకు వెళ్ళేవి. మొలగొలుకుల బియ్యానికి పేరుబడ్డ నేల ఇది. ఈనాడు మనం లేఅవుట్లుగా, నగర్లుగా, పురాలుగా పిలుచుకుంటున్న ప్రాంతాల్లో చాలా భాగం నిన్నటి మాగాణి. మాగాణి పల్లంలోనే ఉంటుంది, నీరు అటే నడుస్తుంది. పొలాన్ని ప్లాట్లు చేసినప్పుడు నేల పేరు మారింది గాని వాటం మారలేదు. నీటికి సర్వే నంబరుతో పని లేదు.

పంటకాలువగా ఉన్న రోజుల్లో ఈ కాలువకు ఒక యజమాని లెక్క ఉండేది. మా పెదనాయన చిన్నతనంలో తాను చూసిన పూడికతీత గురించి చెప్పేవాడు. నీళ్ళు వదలడానికి ముందే ఆయకట్టు రైతులంతా కట్ట మీద చేరి, ఎవరికి ఎన్ని ఎకరాలు ఉంటే అన్ని బారల కాలువ అని తాడుతో కొలిచి వంతులు పంచుకునేవారట. తన వంతు తీయనివాణ్ణి ఊరు ఊరుకునేది కాదు, ఎందుకంటే పైవాడి నిర్లక్ష్యం కిందివాడి మడి ఎండబెడుతుంది. కుడిమరామత్తు అనే ఈ ఏర్పాటుకు మద్రాసు ప్రెసిడెన్సీలో 1858 నాటి నిర్బంధ శ్రమ చట్టం చట్టబద్ధత కూడా కల్పించింది. ఆ రోజులు బంగారమని నేను అనడం లేదు. చట్టం పేరులోనే నిర్బంధం ఉంది. వంతు రైతుది అయినా బురదలో దిగిన కాళ్ళు ఎక్కువగా పాలేరువి, కూలివాడివి. ఆ అన్యాయాన్ని తిరిగి తెచ్చుకోనక్కరలేదు. కాని, అందులో మనం పోగొట్టుకున్నది ఒకటుంది. ఈ చెట్టు నుంచి ఆ తూము దాకా ఫలానావారి బాధ్యత అని ఊరందరికీ తెలిసి ఉండడం.

పొలం పోయి ఇల్లు వచ్చినప్పుడు రైతుతో పాటు ఆ వంతు కూడా పోయింది. ఇప్పుడు ఒకే కాలువను పరిశీలించండి. సాగునీటి కాలువగా అది జలవనరుల శాఖ లెక్కల్లో ఉంటుంది. వీధుల మురుగు అందులోకే చేరుతుంది కాబట్టి నగరపాలక సంస్థకు దానితో పని ఉంటుంది. పట్టాల కింద దూరే చోట రైల్వే వారి అనుమతి కావాలి, రహదారిని దాటే చోట రోడ్ల శాఖ కల్వర్టు ఉంటుంది. కొత్త లేఅవుట్ల అనుమతుల్లో 2017లో ఏర్పడిన నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ పాత్ర ఉంటుంది. ఇన్ని చేతుల్లో ఉన్న కాలువ చివరకు ఏ చేతిలోనూ ఉండదు.

మా వీధి చివర కల్వర్టు పూడిపోయిందని నేను ఒకసారి అర్జీ పట్టుకుని తిరిగాను. మొదటి కార్యాలయంలో అది తమ పరిధి కాదన్నారు, రెండో కార్యాలయంలో మొదటి వారి నుంచి లేఖ రావాలన్నారు. ఎవరూ మర్యాద తప్పలేదు, ఎవరూ అబద్ధమూ ఆడలేదు. ఎవరి ఫైలు ప్రకారం వారిది సరైన జవాబే. చివరకు కొన్ని నెలలకు ఒక యంత్రం వచ్చి పూడిక తీసింది, తీసిన బురదను కాలువ గట్టు మీదే పోసి వెళ్ళింది. రెండు వానలకు ఆ బురద మళ్ళీ కాలువలోకి దిగిపోయింది. తీయడం ఒక గుత్తేదారు పని, ఎత్తుకెళ్ళడం మరొకరి పని అని తర్వాత తెలిసింది.

ఇంత చెప్పి నెపమంతా కార్యాలయాల మీద వేస్తే అది నిజాయితీ కాదు. సూర్యోదయానికి ముందే లేచి వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టే సంస్కారం మనది. ఊడ్చిన చెత్తను అదే చీపురుతో సైడు కాలువలోకి నెట్టేది కూడా మన చేతులే. గడప దాటాక మూడడుగుల వరకు మనది, ఆ తర్వాత సర్కారుది అనే గీత మన మనసులో ఉంది. విచిత్రంగా, కారు ఎక్కించే ర్యాంపు కట్టుకునేటప్పుడు ఆ గీత కాలువ అవతలికి జరుగుతుంది. కాలువ మీద సిమెంటు పలక వేసి, దాని మీద మెట్లు, అరుగు, పూలకుండీలు పెట్టి, లోపలికి గునపం దూరే సందు కూడా లేకుండా కప్పేసిన ఇళ్ళు ప్రతి వీధిలో ఉన్నాయి. అలా కప్పిన చోట పూడిక తీయడం కార్మికుడికి సాధ్యం కాదు. ఒక్క ఇంటి ముందు నీరు ఆగితే పై వైపు ఇరవై ఇళ్ళ ముందు నిలుస్తుంది. కాలువ పోరంబోకులో గోడ లేపిన పెద్దవారి మాట ఇక చెప్పనక్కరలేదు. పేదవాడి పాక తీసేసినంత చులకనగా వారి ప్రహరీ జోలికి ఎవరూ వెళ్ళరని ఊరికంతటికీ తెలుసు.

అయితే జనానికి బాధ్యత లేదు అని తేల్చేయడం నాకు సమ్మతం కాదు. ఆ మాట అనడం తేలిక, దానివల్ల కదిలేది ఏమీ లేదు. బాధ్యత ఉపన్యాసంతో పుట్టదు, హద్దు తెలిసినప్పుడు పుడుతుంది. చెత్త విషయంలో జరిగింది చూడండి. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు తడి చెత్తను, పొడి చెత్తను, ఇంట్లోని ప్రమాదకర వ్యర్థాలను పుట్టిన చోటే వేరు చేయాలన్నాయి. రోజుకు 100 కిలోలకు మించి చెత్త పుట్టించే హోటళ్ళు, కల్యాణ మండపాలు, ఆసుపత్రుల వంటి వాటిపై అదనపు బాధ్యత పెట్టాయి. 2021 అక్టోబరు 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ పేరుతో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలిచ్చి నెలసరి రుసుము పెట్టారు. జనం దాన్ని చెత్తపన్ను అన్నారు, 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని ఎత్తివేసింది. రుసుము ఉండాలా వద్దా అన్న రాజకీయ వాదన పెద్దగా నడిచింది గాని, నా దృష్టిలో అసలు లోపం మరొకటి. చెత్త వేరుచేసి ఇచ్చిన ఇల్లాలికీ, అంతా కలిపి మూటగట్టి విసిరిన పక్కింటివారికీ ఒకటే రుసుము. వేరుచేసి ఇచ్చినది కూడా బండిలో మళ్ళీ కలిసిపోవడం కళ్ళారా చూసిన ఇల్లాలు రెండో నెల నుంచి ఎందుకు వేరుచేస్తుంది? మాకు ఇచ్చిన మూడు బుట్టల్లో ఒకటి ఇప్పుడు బియ్యం కడిగిన నీళ్ళకు, ఒకటి బట్టల పిన్నులకు వాడుతున్నాం. చాలా ఇళ్ళలో ఇదే కథ.

ఈ కలగలుపు భారమంతా చివరకు పడేది పారిశుద్ధ్య కార్మికుల చేతుల మీద. పగిలిన గాజు, సూదులు, వాడిన ప్యాడ్లు, కుళ్ళిన కూర కలిసిన సంచిలో చెయ్యి పెట్టి ఏరేది వారే. 2023 డిసెంబరు చివర రాష్ట్రవ్యాప్తంగా మునిసిపల్ కార్మికులు సమ్మెకు దిగినప్పుడు వీధి మలుపుల్లో గుట్టలు చూసి ముక్కు మూసుకున్న మనం, ఆ గుట్ట ప్రతి రోజూ ఎవరి నెత్తిన ఉంటుందో ఆ రెండు వారాలైనా ఆలోచించి ఉండాల్సింది.

దోమల సంగతి నెల్లూరువారికి కొత్తగా చెప్పక్కరలేదు. నిలిచిన మురుగులో క్యూలెక్స్ దోమ పెరుగుతుంది, డెంగీ తెచ్చే ఏడిస్ మాత్రం డాబా మీది తొట్టెలోనూ కూలర్‌లోనూ ఉండే తేటనీటిలో వారం, పది రోజుల్లో తయారవుతుంది. మొదటిది కాలువ బాగుచేస్తే తగ్గుతుంది, రెండోది మనం తొట్టె బోర్లిస్తే తగ్గుతుంది. సాయంత్రం వీధిలో పొగ కొట్టే బండి ఒక్కటే రెంటికీ మందు కాదు.

ఇదంతా అసాధ్యమని ఎవరైనా అంటే రొట్టెల పండగ చూపిస్తాను. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గాకు, స్వర్ణాల చెరువు ఒడ్డుకు అయిదు రోజుల్లో లక్షల మంది వస్తారు. మతంతో నిమిత్తం లేకుండా చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, ఆరోగ్య రొట్టె అంటూ నీటిలో నిలబడి పంచుకుంటారు. ఆ రోజుల్లో చెరువు ఒడ్డును విభాగాలుగా విడదీసి, ఏ ముక్కకు ఏ అధికారి, ఏ పూటకు ఏ బృందం అని ముందే రాసుకుంటారు. అనేక శాఖలు ఒకే పందిరి కింద కూర్చుంటాయి. నాది కాదు అనే మాట అక్కడ వినిపించదు. వచ్చినవారూ మామూలు రోజులకంటే ఒద్దికగా ఉంటారు. అదే ఊరు, అదే సిబ్బంది, అదే జనం. తేడా అల్లా, అక్కడ హద్దులు గీసి ఉన్నాయి, గడువు ఉంది, పేరు ఉంది.

మిగిలిన మూడు వందల అరవై రోజులకు ఆ ఏర్పాటును రాజ్యాంగమే చూపింది. 74వ సవరణ ద్వారా 1993లో అమల్లోకి వచ్చిన 243ఎస్ అధికరణం, మూడు లక్షలూ ఆ పైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంటుంది. 2011 జనగణన నాటికే నెల్లూరు జనాభా అయిదు లక్షల దరిదాపుల్లో ఉంది. 54 డివిజన్లున్న ఈ నగరంలో తమ వార్డు కమిటీలో ఎవరున్నారో చెప్పగలిగినవారు నాకు ఇంతవరకు తారసపడలేదు. 2019 నుంచి వార్డు సచివాలయాలు వచ్చాయి. పారిశుద్ధ్యానికి ఒక కార్యదర్శి, వసతులకు ఒకరు, ప్లానింగ్‌కు ఒకరు నడిచి వెళ్ళేంత దూరంలో కూర్చున్నారు. మనం వారి దగ్గరికి పింఛను కోసం, ధ్రువపత్రం కోసం వెళ్ళాం, కాలువ కోసం వెళ్ళలేదు. వెళ్ళినా ఆ కార్యదర్శి చేతిలో అర్జీని పైకి పంపే అధికారమే గాని యంత్రాన్ని పిలిపించే అధికారం లేదు. కమిటీ ఉండి, దానికి తన డివిజన్ కాలువల పటం, పూడికతీతకు కొంత సొమ్ము, బిల్లు చెల్లించే ముందు స్థానికుల సంతకం అడిగే హక్కు ఉంటే, గట్టు మీద బురద పోసి వెళ్ళిపోవడం ఏ గుత్తేదారుకూ అంత సులువు కాదు.

పూడికతీత ఎండాకాలంలో ఒకసారి చేసి ముగించేది కాదు, ఇక్కడి వాన లెక్కన సెప్టెంబరు చివరికల్లా మరోసారి చేయవలసిన పని. వినాయక చవితి వెళ్ళాక దసరా రాకముందు దొరికే ఆ కొద్ది వారాల్లో ప్రతి డివిజన్‌లో వార్డు కార్యదర్శులు, కార్పొరేటరు, వీధికి ఇద్దరు కాలువ వెంట ఒక్కసారి నడిస్తే చాలు, ఏ ర్యాంపు అడ్డుందో, ఏ కల్వర్టు మూసుకుందో, ఏ గోడ ముందుకొచ్చిందో రాసుకోవచ్చు. ర్యాంపు పగలగొట్టనక్కరలేదు, దాన్ని లేపి పెట్టగలిగే ఇనుప జాలీగా మార్చుకోవడానికి గడువిస్తే సరిపోతుంది. గోడ విషయంలో మాత్రం గడువు కూడా అనవసరం, అది ఎవరిదైనా సరే.

మా వీధి చివర కల్వర్టు గోడకు ఈ మధ్యే సున్నం వేశారు. దాని మీద నాలుగు వరుసలు రాయడానికి చోటు ఉంది: ఈ కాలువ ఏ శాఖది, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, చివరిసారి ఏ తేదీన ఎన్ని అడుగుల లోతున పూడిక తీశారు, దీని మీద ఆధారపడిన ఇళ్ళ నంబర్లు ఏవి. నాలుగో వరుసలో మా ఇంటి నంబరు రాయించుకోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను.