25 ఓట్ల మెజారిటీకీ ఐదు డబ్బాలే, 68 వేలకీ ఐదు డబ్బాలేనా?

2019లో మా విజయవాడ సెంట్రల్‌లో మెజారిటీ ఎంతో గుర్తుందా? 25 ఓట్లు. మల్లాది విష్ణు గెలిచారు, బొండా ఉమా ఓడారు. మా సింగ్ నగర్‌లో ఒక్క అపార్ట్‌మెంట్ వాళ్లు అటు కాకుండా ఇటు వేసి ఉంటే ఎమ్మెల్యే మారిపోయేవారు. 2024లో అదే సీటులో బొండా ఉమా 68 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. రూల్ ప్రకారం ఈ రెండుసార్లూ వీవీప్యాట్ స్లిప్పులు (ఓటు ఎవరికి పడిందో చూపిస్తూ ఈవీఎం పక్కనున్న డబ్బాలో పడే కాగితాలు) చేత్తో లెక్కపెట్టాల్సిన బూత్‌లు ఎన్ని? ఐదు. 25 ఓట్లకీ ఐదే, 68 వేలకీ ఐదే. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

ముందే చెబుతున్నాను, ఈవీఎంలు హ్యాక్ చేశారని నేను అనడం లేదు. ఓడిన ప్రతిసారీ మిషన్ మీద పడేవాళ్లంటే నాకూ చిరాకే. సగం స్లిప్పులు లెక్కపెట్టాలని 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లినవాళ్లలో ముందున్నది చంద్రబాబు. 2024 ఫలితాల తర్వాత పేపర్ బ్యాలెట్ కావాలన్నది జగన్. పార్టీల అనుమానం ఫలితాన్ని బట్టి ఇల్లు మారుతూనే ఉంటుంది. నేను అడుగుతున్నది ఓటరుగా.

ఆ 2019 కేసులోనే, ఏప్రిల్ 8న, కోర్టు అసెంబ్లీ సెగ్మెంట్‌కి ఒక్క బూత్‌ని ఐదు చేసింది. మంచిదే. కానీ లెక్క చూడండి. 250 బూత్‌లున్న నియోజకవర్గంలో పది మిషన్లలో తేడా ఉందనుకుందాం. లాటరీలో ఐదు తీస్తే, ఆ పదిలో ఒక్కటి కూడా తగలకుండా పోయే అవకాశం 81 శాతం. మెజారిటీ 68 వేలైతే పది మిషన్ల తేడా ఫలితాన్ని మార్చలేదు, కాబట్టి ఐదు చాలు అంటే ఒప్పుకుంటాను. మెజారిటీ 25 అయినప్పుడు ఒక్క మిషన్ చాలు కదా! ఆ ఒక్కటి ఐదులో పడే అవకాశం నూటికి రెండు.

తేడా అంటే మోసమే కానక్కర్లేదు. 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు అన్ని స్లిప్పులూ లెక్కపెట్టాలన్న పిటిషన్లను కొట్టేసింది. ఆ తీర్పులో స్లిప్పులకీ మిషన్‌కీ సరిపోలని బూత్ ఒకే ఒక్కటి కనిపిస్తుంది. అది మన రాష్ట్రంలోనే, మైదుకూరులో, 2019లో. కారణం, పొద్దున వేసిన మాక్ పోల్ ఓట్లు తుడిచెయ్యకపోవడం. అంతే. పోలింగ్‌కి ముందు కనీసం 50 ఓట్లు వేసి చూస్తారు, ఆ తర్వాత మిషన్ క్లియర్ చెయ్యాలి, స్లిప్పులు తీసి నల్ల కవర్లో పెట్టి సీల్ వెయ్యాలి. నిద్రలేని ఒక ఉద్యోగి ఒక్క బటన్ మర్చిపోతే 50 ఓట్లు. మా సెంట్రల్ మెజారిటీకి రెండింతలు.

అందుకే నేను కోరేది ఒక్కటే. మెజారిటీ తగ్గేకొద్దీ లెక్కపెట్టే డబ్బాలు పెరగాలి. వందల్లో ఉంటే పదుల డబ్బాలు తియ్యండి, పాతిక ఓట్లే ఉంటే మొత్తం తియ్యండి. సగం స్లిప్పులు లెక్కపెడితే ఫలితాలు ఐదారు రోజులు ఆలస్యమవుతాయని 2019లో ఎన్నికల సంఘం కోర్టుకు చెప్పింది. అన్ని సీట్లలో ఎవరు చెయ్యమన్నారు? గట్టి పోటీ ఉన్న నాలుగు సీట్లలో చెయ్యండి. ఏప్రిల్ 11న ఓటేసి మే 23 దాకా 42 రోజులు ఆగాం. ఇంకొక్క రోజు ఆగలేమా?

అభ్యర్థి అడిగితే ఎక్కువ లెక్కపెట్టొచ్చని ఇప్పటికీ రూల్ ఉంది, మిషన్‌కీ స్లిప్పులకీ తేడా వస్తే స్లిప్పుల లెక్కే చెల్లుతుందనీ ఉంది. కానీ ఒప్పుకోవాలా వద్దా అనేది రిటర్నింగ్ ఆఫీసర్ చేతిలో ఉంది. ఓటరు నమ్మకం ఒక అధికారి ఇష్టం మీద ఆధారపడకూడదు. అది రాసిపెట్టిన నిబంధన కావాలి.

ఇంకో మాట, ఇది మనవైపు తప్పు. 2024 మే 13న నేను ఒక అభ్యర్థి తరఫున పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నాను. పొద్దున మాక్ పోల్‌కి ఏజెంట్లందరూ హడావుడిగా వచ్చారు. రాత్రి పోలింగ్ ముగిసి, క్లోజ్ బటన్ నొక్కి, పడిన ఓట్లెన్నో ఫారం 17సీలో రాసే వేళకి మిగిలింది మేం ఇద్దరం. కాపీ అడిగితే అక్కడి సిబ్బందిలో ఒకాయన "ఇప్పుడు అవన్నీ ఎందుకండీ, టైమైపోయింది" అన్నారు. అడక్కుండానే ఇవ్వాల్సిన కాగితం అది! పట్టుబడితే ఇచ్చారు. అసెంబ్లీకి ఒకటి, పార్లమెంటుకి ఒకటి. జూన్ 4న మా కౌంటింగ్ ఏజెంటు ఆ కాగితం పట్టుకుని కూర్చుని, మా బూత్ కంట్రోల్ యూనిట్‌లో (ఈవీఎంలో ఓట్లు నమోదయ్యే భాగం) టోటల్ నొక్కగానే సరిచూశాడు. అంకెకి అంకె కలిసింది. ఫోన్లో ఆ మాట చెప్పినప్పుడు నాకు కలిగిన నిశ్చింత ఏ టీవీ చర్చలోనూ దొరకలేదు.

మిగతా బూత్‌ల కాపీలు ఏమయ్యాయి? నేను అడిగినవాళ్లలో చాలామంది అసలు తీసుకోనే లేదు. ఈవీఎంల మీద పేజీలకు పేజీలు పోస్టులు పెట్టేవాళ్లూ అందులో ఉన్నారు. సెంట్రల్‌లో ఈసారి ఏజెంట్లుగా కూర్చోబోయేవాళ్లు ఏ పార్టీ అయినా సరే, 17సీలో ఏ గడిలో ఏం చూడాలో నేను నేర్పిస్తాను. కామెంట్‌లో చెప్పండి, ఒక ఆదివారం సింగ్ నగర్‌లో కలుద్దాం.