క్రియాటినిన్ నార్మల్ అంటే నమ్మి ఊరుకోకండి

నాన్నకు షుగర్ వచ్చి పద్నాలుగేళ్లు. రిపోర్టులన్నీ వరసగా ఒక ఫైల్లో దాచుకుంటారు. మొన్న ఆ ఫైలు ముందేసుకుని ఒక్కో కాగితం తిప్పాను. ఫాస్టింగ్ ఉంది, తిన్నాక చూసింది ఉంది, మూడు నెలల సగటు ఉంది, కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం రక్తంలో ఎంతుందో చెప్పే క్రియాటినిన్ ఉంది. రక్తంలో ఉండాల్సిన ఆల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలోకి కారుతోందేమో చూసే పరీక్ష మాత్రం ఒక్కసారి కూడా లేదు. ఎవరూ రాయలేదు. అలాంటిది ఒకటుందని తెలియక మేమూ అడగలేదు. ఏటా విన్నది ఒకటే మాట: "క్రియాటినిన్ నార్మల్, కిడ్నీలకు ఢోకా లేదు."

పాదాలు వాచి, మూత్రంలో నురగ ఎంతకీ తగ్గకపోతే వేరే డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన ఆ పరీక్ష రాశారు. 30 లోపు ఉండాల్సింది 900 దాటింది.

క్రియాటినిన్ ఆలస్యంగా పెరుగుతుంది. కిడ్నీల పని సగం దాకా పోయినా చాలామందిలో ఆ అంకె నార్మల్‌లోనే కనబడుతుంది. లోపల నష్టం మాత్రం ఏళ్ల ముందే మొదలై ఉంటుంది. నా కోపమంతా దీని మీదే.

ఆ నష్టం ఎలా జరుగుతుందో చదివాక నాకు నిద్ర పట్టలేదు. రక్తంలో చక్కెర ఎక్కువైతే కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా దాన్ని ఖర్చు చేస్తూ సూపరాక్సైడ్ లాంటి పదార్థాలను మోతాదుకు మించి వదులుతుంది. అవి పక్కనున్న కొవ్వునీ, ప్రోటీన్లనీ, డీఎన్‌ఏనీ దెబ్బతీస్తాయి. ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటే ఇదే. దాంతో కణంలో ఎన్‌ఎఫ్-కప్పాబి అనే స్విచ్ పడుతుంది. అది పడితే ఎంసీపీ-1 అనే రసాయనం బయటికొస్తుంది, దాని పిలుపు అందుకుని మాక్రోఫేజ్ అనే రక్షక కణాలు కిడ్నీలో చేరతాయి. సూక్ష్మజీవులతో పోరాడాల్సిన కణాలు అవి. అక్కడ ఏ సూక్ష్మజీవీ ఉండదు, కానీ షుగర్ తగ్గనంతకాలం వాటికి పిలుపు వెళ్తూనే ఉంటుంది. అలా ఏళ్ల తరబడి ఆరని ఇన్‌ఫ్లమేషన్‌కి, అంటే లోపలి మంటకి, మెత్తటి కణజాలం గట్టిపడి మచ్చ కడుతుంది. వడపోత పొరను కాచుకుని ఉండే పోడోసైట్లు అనే కణాలు రాలిపోతే వాటి స్థానంలో కొత్తవి సరిగా పుట్టవు. అక్కడి నుంచే ఆల్బుమిన్ కారడం మొదలవుతుంది. ఇంత జరుగుతున్నా మనిషికి నొప్పి తెలియదు.

ఈ సంగతి ఇంట్లో చెప్పగానే మా బాబాయి, ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ని తగ్గిస్తాయనే యాంటీఆక్సిడెంట్ క్యాప్సూళ్లు తెచ్చారు. ప్రేమతోనే తెచ్చారు, కానీ నేను వద్దన్నాను. రోగానికి ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఒక కారణమైనంత మాత్రాన యాంటీఆక్సిడెంట్ మింగితే తగ్గిపోదు. హోప్ అనే పెద్ద అధ్యయనంలో నాలుగేళ్లకు పైగా విటమిన్ ఇ ఇచ్చి చూశారు. షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలకు మేలు జరగలేదు. అదే అధ్యయనంలో రామిప్రిల్ అనే బీపీ మాత్ర పనిచేసింది. శరీరం సొంత యాంటీఆక్సిడెంట్ వ్యవస్థను పెంచుతుందని ఆశపడిన బార్డాక్సలోన్ అనే మందు ప్రయోగాన్ని, గుండె వైఫల్యం కేసులు పెరగడంతో 2012లో మధ్యలోనే ఆపేశారు. ఇక వాట్సాప్‌లో అమ్మే కిడ్నీ క్లీనింగ్ పొడుల్లో ఏముందో ఎవరు చూశారు?

పనిచేసే మందులు లేక ఇలా అయితే ఇంత బాధ ఉండేది కాదు. లోసార్టాన్ లాంటి బీపీ మాత్రలు కిడ్నీలను కాపాడతాయని 2001లోనే తేలింది. కెనాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు కిడ్నీ చెడిపోయే వేగాన్ని తగ్గిస్తాయని 2019, 2020ల్లో రుజువైంది. ఇన్‌ఫ్లమేషన్‌నీ, మచ్చ కట్టడాన్నీ అడ్డుకోవాలని వాడే ఫినెరినోన్ కూడా ఉంది. అందరికీ అన్నీ సరిపడవు, రక్తంలో పొటాషియం చూసుకుంటూ డాక్టరే ఇవ్వాలి. కానీ ముందుగా తెలిస్తేనే కదా ఇచ్చేది! నాన్న మోకాళ్ల నొప్పులకని ఏళ్ల తరబడి డైక్లోఫెనాక్ వాడారు, కిడ్నీలకు చేటు చేసే నొప్పి మాత్ర అది. ఆల్బుమిన్ పోతోందని తెలిసి ఉంటే అది ఎప్పుడో మానిపించేవాళ్లం.

టైప్ 2 షుగర్ బయటపడిన రోజు నుంచే ఏటా ఈ పరీక్ష చేయించాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. కొంచెం మూత్రం ఇస్తే చాలు. చీటీలో లేకపోతే మీరే అడగండి, "మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి రాయండి" అని. విసుక్కున్నా సరే, అడగండి.

అమ్మకూ ఎనిమిదేళ్లుగా షుగర్. పోయిన వారం తనకీ చేయిస్తే 42 వచ్చింది. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ లాంటివి ఉన్నా పెరుగుతుందట, అందుకే మూడు నెలల్లోపు ఇంకో రెండుసార్లు చూడాలన్నారు. క్యాలెండర్లో రెండు తేదీల చుట్టూ సున్నా చుట్టి పెట్టాను.