యుద్ధానికి సంజాయిషీ ఇవ్వమని యూదుల్ని అడగడం గురించి

గాజా యుద్ధం మొదలైన నాటి నుంచి తెలుగు సామాజిక మాధ్యమాల్లో ఒక ధోరణి బలపడుతూ వస్తోంది. లండన్‌లోనో న్యూయార్క్‌లోనో పుట్టి పెరిగిన ఒక యూదు శాస్త్రవేత్త గురించి, సంగీతకారుడి గురించి ఎవరైనా నాలుగు మంచి మాటలు రాస్తే చాలు, 'ముందు ఇజ్రాయెల్‌ను ఖండించమనండి, ఆ తర్వాత మిగతా సంగతి' అంటూ ఎవరో ఒకరు అడ్డుపడతారు. ఆ మనిషి ఇజ్రాయెల్ పౌరుడు కాకపోవచ్చు, ఆ దేశపు ఎన్నికల్లో ఏనాడూ ఓటు వేసి ఉండకపోవచ్చు, జీవితమంతా ఆ ప్రభుత్వాన్ని విమర్శిస్తూనే ఉండి ఉండవచ్చు; అవేవీ లెక్కలోకి రావు. యూదుడై పుట్టినందుకు ముందుగా సంజాయిషీ ఇచ్చుకోవాలి, అది మనకు నచ్చితే అతన్ని మనుషుల్లో కలుపుకుంటాం అన్నట్టుగా ఉంటుంది వ్యవహారం. ఇలా అడిగేవారిలో ఎక్కువమంది పాలస్తీనా ప్రజల మీద నిజమైన సానుభూతితోనే అడుగుతున్నారని నమ్ముతున్నాను. అందుకే ఈ పోస్టు వారిని ఉద్దేశించి రాస్తున్నాను. ఈ షరతు కొత్తది కాదు. ఒక మహారాజ్యం దీన్ని దాదాపు ఇరవయ్యేళ్లపాటు తన పత్రికలతో, పోలీసులతో, న్యాయస్థానాలతో అమలు చేసింది.

ఆ రాజ్యం సోవియట్ యూనియన్. అక్కడ పదహారేళ్లు నిండినవారికి ఇచ్చే అంతర్గత పాస్‌పోర్టులో జాతి పేరు రాసే గడి ఒకటి ఉండేది. ఫారాల్లో అది ఐదోదిగా రావడం వల్ల 'ఐదో గడి' అంటే చాలు, ఎవరి గురించి మాట్లాడుతున్నారో వేరే చెప్పనక్కరలేకపోయేది. తల్లిదండ్రులిద్దరూ యూదులైతే బిడ్డ గడిలో 'యూదు' అనే పడేది, ఇంకో మాట రాయించుకునే వీలు లేదు. మాస్కో విశ్వవిద్యాలయం గణిత విభాగంలో ప్రవేశ పరీక్షకు వెళ్లిన యూదు విద్యార్థులకు, సమాధానం చిన్నదే అయినా దారి దొరకడం అసాధ్యమైన లెక్కలను విడిగా ఎంచి ఇచ్చేవారు. ఇలా గుర్తింపును చెరగని సిరాతో రాసిన రాజ్యమే, ఆ గుర్తింపుతో బతికే దారులను ఒక్కొక్కటిగా మూసివేసింది. హిట్లర్‌పై యుద్ధంలో సోవియట్ పక్షాన ప్రపంచమంతా మద్దతు కూడగట్టిన యూదు ఫాసిస్టు వ్యతిరేక కమిటీకి సంబంధించినవారిని యుద్ధం ముగిశాక జైల్లో వేసి, 1952 ఆగస్టు 12న 13 మందిని కాల్చి చంపారు. వారిలో తూర్పు ఐరోపా యూదుల భాష అయిన యిద్దిష్‌లో రాసిన కవి పెరెట్జ్ మార్కిష్, నవలాకారుడు డేవిడ్ బెర్గెల్సన్ ఉన్నారు. 1941 సెప్టెంబరు 29, 30 తేదీల్లో కీవ్ నగరపు అంచున బాబీ యార్ లోయలో నాజీలు 33,771 మంది యూదులను కాల్చి చంపితే, అక్కడ స్మారక చిహ్నం లేవడానికి 1976 దాకా పట్టింది. దాని మీద యూదు అన్న మాట లేదు; చనిపోయినవారు సోవియట్ పౌరులు అని మాత్రమే రాశారు. బతికి ఉన్నప్పుడు పాస్‌పోర్టులో తప్పనిసరైన పదాన్ని చచ్చిపోయాక సమాధి మీద రాయడానికి అనుమతి లేకపోయింది.

ఇజ్రాయెల్‌కూ అరబ్ దేశాలకూ మధ్య జరిగిన 1967 జూన్ యుద్ధం తర్వాత సోవియట్ ప్రభుత్వం ఇజ్రాయెల్‌తో దౌత్య సంబంధాలు తెంచుకుంది. అది విదేశాంగ విధానం, ఏ దేశానికైనా ఉండే హక్కు. అయితే అక్కడితో ఆగలేదు. యూదులకు సొంత దేశం ఉండాలనే జియోనిజమూ, ఫాసిజమూ ఒకటేనని పత్రికలు రాయడం మొదలుపెట్టాయి, ముక్కులు సాగదీసిన కార్టూన్లు అచ్చయ్యాయి, దేశంలోని ప్రతి యూదుడూ అనుమానితుడయ్యాడు. 1970 మార్చి 4న మాస్కోలో విదేశీ విలేకరుల ముందు పేరుప్రఖ్యాతులున్న యూదులను వరుసగా కూర్చోబెట్టి ఇజ్రాయెల్‌ను ఖండింపజేశారు. ఆ వరుసలో బ్యాలే నర్తకి మాయా ప్లిసెత్స్కయా ఉన్నారు, హాస్యనటుడు అర్కాదీ రైకిన్ ఉన్నారు, మన భిలాయి ఉక్కు కర్మాగారం కట్టినప్పుడు సోవియట్ ఇంజనీర్లకు నాయకత్వం వహించి, తరువాత ఉపప్రధాని స్థాయికి ఎదిగిన వెనియామిన్ దిమ్‌షిత్స్ ఉన్నారు. వారిలో ఎవరు మనస్ఫూర్తిగా మాట్లాడారో, ఎవరు భయంతో మాట్లాడారో నేను తీర్పు చెప్పను. వేరే ఏ జాతికి చెందిన నర్తకినీ పిలిచి, మరో దేశపు యుద్ధం గురించి అభిప్రాయం చెప్పి విధేయత నిరూపించుకోమని ఆ రాజ్యం అడగలేదు. ఇవాళ మనం ఫేస్‌బుక్‌లో పెడుతున్న షరతుకు ఇంతకంటే దగ్గరి పోలిక నాకు కనిపించడం లేదు.

అదే సంవత్సరం జూన్ 15న, అదే ఇంటిపేరు గల మరొక యూదుడు, మాజీ సైనిక పైలట్ మార్క్ దిమ్‌షిత్స్, తన తోటివారితో కలిసి లెనిన్‌గ్రాడ్ దగ్గరి ఒక చిన్న విమానాశ్రయానికి వెళ్లాడు. పెళ్లికి వెళుతున్నామని చెప్పి 12 సీట్ల విమానంలో టిక్కెట్లన్నీ తామే కొన్నారు; దారిలో విమానాన్ని స్వాధీనం చేసుకుని స్వీడన్ చేరాలన్నది ఆలోచన. విమానం మెట్ల దగ్గరికి చేరకముందే అందరినీ పట్టుకున్నారు. విమానాన్ని మళ్లించే ప్రయత్నాన్ని నేను సమర్థించలేను. కానీ ఎవరికీ చిన్న గాయమైనా కాని ఈ కేసులో మార్క్ దిమ్‌షిత్స్‌కూ, ఎదువార్ద్ కుజ్నెత్సోవ్‌కూ ఉరిశిక్ష వేశారంటే, శిక్ష పడింది నేరానికి కాదని ప్రపంచానికి అర్థమైంది. నిందితుల్లో ఏకైక మహిళ సిల్వా జల్మన్‌సన్ కోర్టులో నిలబడి, 'యెరూషలేమా, నేను నిన్ను మరచినయెడల నా కుడిచేయి తన నేర్పు మరచును గాక' అన్న 137వ కీర్తన పాదాన్ని నిషిద్ధ భాషగా బతుకుతున్న హీబ్రూలో చెప్పింది. ఆమెకు పదేళ్లు వేశారు. అంతర్జాతీయంగా గగ్గోలు పుట్టడంతో వారం తిరక్కుండానే ఉరిశిక్షలను పదిహేనేళ్ల ఖైదుగా మార్చారు.

దేశం విడిచి వెళ్లడానికి చట్టబద్ధమైన దారి లేదా అని అడగవచ్చు. కాగితం మీద ఉంది. ఇజ్రాయెల్‌లోని బంధువు నుంచి ఆహ్వానపత్రం తెచ్చుకోవాలి, పనిచేసే చోటు నుంచి యోగ్యతాపత్రం తీసుకోవాలి, వయసు ఎంతైనా తల్లిదండ్రుల అంగీకారం జతచేయాలి. యోగ్యతాపత్రం కోసం అడిగిన మరుక్షణం ఆఫీసులో అందరికీ తెలిసిపోతుంది, సమావేశం పెట్టి ద్రోహి అంటారు, ఉద్యోగం పోతుంది. ఆ తర్వాత నెలలు గడిచి 'రాజ్య రహస్యాలు తెలిసినందువల్ల నిరాకరించడమైనది' అని జవాబు వస్తుంది. ఉద్యోగం లేనివాణ్ని పరాన్నభుక్కుగా పరిగణించి శిక్షించే చట్టం ఎలాగూ ఉండనే ఉంది. అంటే ఉద్యోగం తీసేసినవారే ఉద్యోగం లేనందుకు అరెస్టు చేస్తారు. ఇంజనీర్లు లిఫ్టులు నడిపారు, భౌతికశాస్త్రవేత్తలు రాత్రి కాపలా కాశారు. అనుమతి దొరకక పదేళ్లు, పదిహేనేళ్లు ఈ త్రిశంకు స్వర్గంలో వేలాడినవారినే ప్రపంచం రెఫ్యూజ్‌నిక్‌లు అంది.

యోసిఫ్ బేగున్ అనే గణితజ్ఞుడు ఇలాగే ఉద్యోగం పోగొట్టుకుని, ఇళ్లలో హీబ్రూ పాఠాలు చెప్పుకుంటూ బతికాడు. పాఠాలు చెబుతున్నాను కదా, నాకు పని ఉంది కదా అని అతను వాదిస్తే, హీబ్రూ బోధన పనే కాదని తేల్చి 1977లో పరాన్నభుక్కు నేరం మోపారు. 1982లో మళ్లీ పట్టుకుని, 1983లో ఏడేళ్ల జైలు, ఐదేళ్ల ప్రవాస శిక్ష వేశారు. మన ఇళ్లలో చాలామంది పిల్లలకు ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల పుస్తకాలతోనే చదువు రుచి తెలిసిన కాలం అది. విశాలాంధ్రలో కొద్దిపాటి డబ్బుకే దొరికిన ఆ పుస్తకాల నునుపైన కాగితం, ఆ రంగుల బొమ్మలు నాకు ఇప్పటికీ ఇష్టం. వాటిని అచ్చువేసిన నగరం మాస్కో. ఆ నగరంలో తెలుగు అక్షరాలకు సీసం పోసి అచ్చులు చేసిన రాజ్యమే, హీబ్రూ అక్షరాలు దిద్దించినవాణ్ని జైలుకు పంపింది. మాతృభాష పేరుతో రాష్ట్రం సాధించుకున్న మనకు ఈ అన్యాయాన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇంత ఒత్తిడిలో వారు నిలబడిన తీరు నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. యూదుల ధర్మగ్రంథమైన తోరా పఠనం ఒక ఆవృత్తి పూర్తయి మళ్లీ మొదలయ్యే సిమ్‌హత్ తోరా పండుగ రాత్రి, మాస్కోలో అర్ఖీపవ వీధిలోని ప్రార్థనా మందిరం బయట వేలాదిమంది యువకులు చేరి ఆడిపాడేవారు. చాలామందికి ప్రార్థనలు రావు, పండుగ నియమాలు తెలియవు. పోలీసులు గుర్తు పెట్టుకుంటున్నారని మాత్రం అందరికీ తెలుసు. తెలిసే వచ్చేవారు. ఈదా నుదేల్ అనే ఆర్థికవేత్త జైళ్లలో ఉన్న ప్రతి యూదు ఖైదీ పేరూ, చిరునామా, ఆరోగ్యం వివరాలతో పట్టిక తయారుచేసి, పొట్లాలు పంపుతూ, ఉత్తరాలు రాస్తూ ఏళ్లు గడిపింది. తన వీసా తనకు ఇమ్మని బాల్కనీకి బ్యానరు కట్టినందుకు 1978లో ఆమెను నాలుగేళ్లు సైబీరియాకు పంపారు.

బయట ఉన్నవారు చేసిన పని కూడా గొప్పది. ఒడెస్సాలో రాయిజా పలాత్నిక్ అనే గ్రంథాలయ ఉద్యోగిని అరెస్టయిందని తెలిసి, 1971లో లండన్‌లో ఆమె వయసే ఉన్న గృహిణులు, మొత్తం ముప్పై ఐదుగురు, నల్లబట్టలు కట్టుకుని సోవియట్ దౌత్య కార్యాలయం ముందు నిరాహారదీక్షకు కూర్చున్నారు. పలాత్నిక్ వయసు కూడా ముప్పై ఐదే కావడంతో ఆ బృందానికి అదే పేరు స్థిరపడింది. పదమూడేళ్లు నిండిన అమెరికన్ యూదు బాలుడు, మతపరంగా పెద్దవాడైనట్టు జరిపే తన బార్ మిత్జ్‌వా వేడుకలో, ఆ వేడుక చేసుకునే స్వేచ్ఛ లేని ఒక సోవియట్ బాలుడి పేరు చదివి, అతని కోసం ఒక కుర్చీ ఖాళీగా ఉంచేవాడు. 'నా జనమును పోనిమ్ము' అని మోషే ఫరోతో అన్న మాటే ఆ ఉద్యమానికి నినాదమైంది. 1987 డిసెంబరు 6న, సోవియట్ నేత గోర్బచోవ్ రాకకు ముందురోజు, వాషింగ్టన్‌లో రెండున్నర లక్షల మంది గుమిగూడారు. అగ్రరాజ్యాల మధ్య తెరిపి ఉన్న 1979లో 51 వేల మందికి పైగా యూదులను బయటికి పోనిచ్చిన ప్రభుత్వం, అఫ్ఘానిస్తాన్ యుద్ధంతో సంబంధాలు చెడ్డాక 1984లో వెయ్యిమందిని కూడా వదలలేదు. ఎవరో చేసే యుద్ధానికి వారు ఎప్పుడూ తాకట్టు వస్తువులే.

వీరందరిలో ప్రపంచానికి బాగా తెలిసిన పేరు అనతోలీ షరాన్‌స్కీ. మానవ హక్కుల ఉల్లంఘనలను నమోదు చేసే మాస్కో హెల్సింకీ బృందం స్థాపకుల్లో ఒకడిగా యూదుల కోసమే కాక క్రిమియా తాతార్ల కోసం, ఇతర మతస్థుల కోసం కూడా మాట్లాడాడు. 1977 మార్చిలో పట్టుకుని, గూఢచర్యం అంటగట్టి, మరుసటి ఏడు 13 ఏళ్ల శిక్ష వేశారు. పెళ్లయిన మరునాడే దేశం దాటవలసి వచ్చిన భార్య అవితాల్ పంపిన అరచేతిలో ఇమిడే కీర్తనల పుస్తకం ఒక్కటే అతని ఆస్తి. 1986 ఫిబ్రవరిలో విడుదల చేయడానికి విమానం దగ్గరికి తీసుకువెళ్లి ఆ పుస్తకం ఇవ్వకపోతే, ఇచ్చేదాకా కదలనని మంచులో పడుకున్నాడు. ఇచ్చారు. ఇజ్రాయెల్ వెళ్లాక ఆయన మంత్రి అయ్యాడు. 2005లో గాజా నుంచి ఇజ్రాయెలీ స్థావరాల ఉపసంహరణను వ్యతిరేకించి రాజీనామా చేశాడు. ఆ రాజకీయాలతో నాకు ఏమాత్రం ఏకీభావం లేదు. అయినా 1977లో అతని పక్షాన నిలబడినవారు తప్పు చేశారని నేను అనలేను, ఎందుకంటే వారు కాపాడింది అతని భావి అభిప్రాయాలను కాదు.

గాజాలో పదుల వేల మంది చనిపోయారు, వారిలో పిల్లల సంఖ్య తలచుకుంటే నిద్రపట్టదు. ఆ యుద్ధం నడిపిన నెతన్యాహు ప్రభుత్వాన్ని పేరుపెట్టి నిలదీయాలి, నిలదీస్తూనే ఉండాలి. ఆ పని ఎందరో యూదులు మనకంటే ముందు నుంచే చేస్తున్నారు. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో దాదాపు 1,200 మంది చనిపోయారు, 251 మంది బందీలయ్యారు. ఆ మృతుల్లో బేరీ కిబ్బుట్జ్‌కు (సామూహిక వ్యవసాయ గ్రామానికి) చెందిన వివియన్ సిల్వర్ ఉన్నారు. 74 ఏళ్ల ఆవిడ శాంతికోసం పనిచేసే మహిళల సంఘాన్ని స్థాపించినవారిలో ఒకరు. గాజా రోగులను ఇజ్రాయెల్ ఆసుపత్రులకు తన కారులో తీసుకువెళ్లేవారు. ఆవిడ కొడుకు ఆ తర్వాత కూడా ఆక్రమణకు వ్యతిరేకంగా, శాంతి కోసం మాట్లాడుతూనే ఉన్నారు. 2025 అక్టోబరు 2న, యూదులకు అత్యంత పవిత్రమైన యోమ్ కిప్పూర్ రోజున, మాంచెస్టర్‌లో ప్రార్థనా మందిరం మీద దాడి జరిగి ఇద్దరు చనిపోయారు. ఆ మందిరానికి వచ్చినవారిలో ఎవరు ఏ పార్టీ అన్నది దాడి చేసినవాడు అడగలేదు.

మన గుంటూరు జిల్లాలో, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, బెనె ఎఫ్రాయిం అనే చిన్న సమాజం ఉంది. తెలుగే వారి మాతృభాష. మాదిగ కుటుంబాలకు చెందిన వీరు తాము బైబిల్లోని ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిం గోత్రం వారమని చెప్పుకుంటూ, సొంతంగా ప్రార్థనా మందిరం నిర్మించుకుని, హీబ్రూ నేర్చుకుని, సబ్బాతు పాటిస్తున్నారు. ఇజ్రాయెల్ రాజ్యం వారిని ఇంకా అధికారికంగా యూదులుగా గుర్తించలేదు. వారి గురించి ఏ వార్త వచ్చినా గాజా గురించి సమాధానం చెప్పమని కింద రాస్తున్న మిత్రులను నేను అడిగేది ఒక్కటే: ఆ రాజ్యం తమవారని ఒప్పుకోని మనుషులను, ఆ రాజ్యం చేసే పనులకు బాధ్యులను చేసే అధికారం మీకు ఎవరిచ్చారు?