మహారాజశ్రీ రీలు గారికి, ఒక చెట్టు కొట్టనివాడి ఉత్తరం

మహారాజశ్రీ రీలు గారికి,

హైదరాబాదు నుంచి ఒక చెట్ల పనివాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆచారం. తమరి కుశలం అడగనక్కరలేదు. బస్సులో, ఆసుపత్రి వరండాలో, పెళ్లి పందిట్లో, చివరికి శ్మశానం గేటు దగ్గర కూడా తమరు క్షేమంగా తిరుగుతూనే కనిపిస్తున్నారు. నా కుశలం సంగతి చెప్పుకోవడానికే ఈ ఉత్తరం. చదవడానికి తమరి నిడివి కంటే ఎక్కువసేపు పడుతుంది, మన్నించాలి.

మాది నల్లగొండ జిల్లా. మా నాన్న గీత పని చేసేవాడు. నడుముకు మోకు వేసుకుని తెల్లవారకముందే తాటిచెట్టు ఎక్కేవాడు. ఆయనకు ప్రచారం అవసరం ఎప్పుడూ రాలేదు. కల్లు బాగుంటే ఊరంతా వచ్చేది, బాగాలేకపోయినా ఊరంతా వచ్చేది. నేను పట్నం వచ్చి ఇరవై ఏళ్లుగా చెట్ల సంరక్షణ చేస్తున్నాను. ఎండుకొమ్మలు తీస్తాను, కరెంటు తీగలకు తగలకుండా గుబురు సవరిస్తాను, మొదలు చుట్టూ గొంతు దాకా పోసిన సిమెంటు పగలగొట్టిస్తాను, చెదలు పట్టిందో లేదో చూస్తాను. నా పనిలో సగం, ‘ఈ చెట్టు కొట్టాల్సిన అవసరం లేదండీ’ అని చెప్పి టీ తాగి రావడమే. అయినా కాలనీలో నా పేరు ‘చెట్లు కొట్టేవాడు’.

తమరు రాకమునుపు మా వృత్తిలో ప్రచారం అంటే ఒకటే పద్ధతి. రేకు ముక్క మీద ‘చెట్లు కొట్టబడును’ అని రాసి, కింద ఫోను నంబరు వేసి, దాన్ని ఒక చెట్టుకే మేకులతో దిగ్గొట్టడం. డాక్టరు తన బోర్డు తెచ్చి రోగి ఛాతీకి కొట్టినట్టు. అబద్ధం ఎందుకు, నేనూ కొట్టాను. ఒక నిద్రగన్నేరు మానుకు నాలుగు మేకులు. ఆరేళ్ల తర్వాత అటు వెళ్తే ఆ చెట్టు బెరడు రేకు అంచును మింగేసి, నా నంబరులో చివరి మూడు అంకెలను కడుపులో పెట్టుకుని ఉంది. నా పని మీద అంత నిక్కచ్చి అయిన కామెంటు ఆ తర్వాత ఎవరూ పెట్టలేదు. ఆ రోజుతో మేకులు మానేశాను.

2020 జూన్ ఆఖరున మన దేశంలో టిక్‌టాక్ మూతపడింది. జులైలో ఇన్‌స్టాగ్రామ్ తరఫున తమరు వేంచేశారు. ఆ కుర్చీ మీద దుమ్ము పడేంత వ్యవధి కూడా ఇవ్వలేదు. మా మేనల్లుడు అప్పటికి డిగ్రీ చేస్తూ ఖాళీగా ఉన్నాడు. “మామయ్యా, ఈ రోజుల్లో పని వచ్చినవాడికి పని రాదు, కనిపించినవాడికి వస్తుంది” అన్నాడు. వాక్యం బాగుందని లొంగిపోయాను.

మొదటి వీడియో నేను చెప్పినట్టే తీశాడు. బరువైన కొమ్మను మూడు కోతల్లో ఎలా దించాలో అందులో చూపించాను. మానుకు జానెడు ఇవతల, కింది వైపు నుంచి సగానికి లోపు ఒక కోత. దానికి కాస్త బయటగా పై నుంచి రెండోది. అప్పుడు కొమ్మ తెగి పడుతుందే గాని మాను పొడవునా బెరడును చీల్చుకుంటూ పోదు. మిగిలిన మొండిని, కొమ్మ మానులో కలిసే చోట మెడకు కట్టిన పట్టీలా ఉబ్బుగా కనిపించే భాగం ఉంటుంది చూడండి, దానికి తగలకుండా సరిగ్గా దాని అంచున కోయాలి. గాయాన్ని మూసే కొత్త కణజాలం పుట్టేది అక్కడే. ఇదంతా చెప్పడానికి నాకు నాలుగు నిమిషాలు పట్టింది. ఇరవై ఏళ్ల పనిని నాలుగు నిమిషాల్లో చెప్పానని పొంగిపోయాను. వారం తర్వాత చూస్తే నలభై ఒక్క వ్యూలు. అందులో పదకొండు మా మేనల్లుడివే. మిగతావారిలో ఎక్కువమంది రెండో సెకనులోనే వెళ్లిపోయారని తమరే ఒక గీత గీసి చూపించారు. మా ఆవిడ కూడా రెండో సెకనులోనే వెళ్లిపోయింది. పొయ్యి మీద కూర మాడుతోందట.

“మొదటి మూడు సెకన్లలో ఏదో ఒకటి జరగాలి మామయ్యా. చెట్టు పడాలి” అన్నాడు వాడు.

నేను పడకుండా చూసేవాణ్ణి కదరా అంటే, “అది చూపించలేం కదా” అన్నాడు. తర్కానికి తిరుగులేదు. పడని చెట్టును ఎన్ని సెకన్లు చూపించినా అది పడకుండానే ఉంటుంది.

తమరి అదృష్టం కొద్దీ మే నెల వచ్చింది. హైదరాబాదులో ఎండాకాలపు గాలివానకు ముందుగా ఒరిగేవి తురాయిలే. వేళ్లు పైపైనే పరుచుకుంటాయి, కొమ్మలు పెళుసు, దానికి తోడు మనం రోడ్డు వేసిన ప్రతిసారీ ఒకవైపు వేళ్లు నరికి పుణ్యం కట్టుకుంటాం. అలాంటి తురాయి ఒకటి కారు మీద పడితే మేము వెళ్లి ముక్కలు కోసి దారి చేశాం. మిషను మోత, రంపపు పొట్టు ఎగరడం, ఆఖరి దుంగ దొర్లి దుమ్ము లేవడం, మొత్తం పద్దెనిమిది సెకన్లు. వాడు దానికి సినిమాలో ప్రతినాయకుడు కారు దిగేటప్పుడు వినిపించేలాంటి డప్పుల మోత తగిలించాడు. రెండు లక్షల పన్నెండు వేల మంది చూశారు. బతికున్న చెట్టుకు చేసిన సేవను నలభై ఒక్కరు, చచ్చిన చెట్టుకు చేసిన అంత్యక్రియలను రెండు లక్షల మంది. తమరి రాజ్యంలో మాకు జరిగిన మొదటి పట్టాభిషేకం అది.

తరువాత మూడు రోజులు ఫోను మోగుతూనే ఉంది. ఒకరికి ఆకులు కారు మీద పడుతున్నాయి. ఒకరికి ఈశాన్యంలో చెట్టు వాస్తుకు అడ్డం. ఒకరికి కోతులు. ఒక దుకాణం యజమానికి తన బోర్డు కనిపించడం లేదు. చెట్టు కనిపిస్తోంది గాని బోర్డు కనిపించడం లేదట. ఆ వీడియో కిందనే ఒక పెద్దమనిషి వరసగా తొమ్మిది ఏడుపు బొమ్మలు పెట్టి, ‘ప్రకృతిని చంపే రాక్షసులు’ అని మమ్మల్ని దీవించారు. అదే పెద్దమనిషి ఆ సాయంత్రం విడిగా సందేశం పంపి, తన ఇంటి ముందు వేపచెట్టు తీసేయడానికి ఎంత అవుతుందని అడిగారు. రెండు చేతులూ ఒకరివేనని నమ్మడానికి నాకు కొంత సమయం పట్టింది. అన్ని ఫోన్లలోనూ చెట్టును కాపాడమన్నది ఒక్కటే. ఆవిడ అటవీ శాఖ నంబరు అనుకుని నాకు చేశారు, నా మీదే ఫిర్యాదు చేయడానికి.

అందరికీ ఒకటే చెప్పాను. 2002 నాటి వాల్టా చట్టం ఉంది, నీరు, భూమి, చెట్టు, మూడూ దాని పేరులోనే ఉన్నాయి. ముందస్తు అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు, అది మీ ప్రహరీ లోపలే ఉన్నా సరే. బోర్డు ఆయన ఆ మాట విని గొంతు తగ్గించి, “అయితే రాత్రికి రండి” అన్నారు. వాల్టా మీద మేము చేసిన వీడియోకు వచ్చిన వ్యూల సంఖ్య ఇక్కడ రాయను. తమరికీ నాకూ ఇద్దరికీ పరువు తక్కువ.

తమరికి ముందు, తర్వాత అనే ముచ్చట మహా ఇష్టం. మురికి గచ్చు, తళతళలాడే గచ్చు. బట్టతల, ఒత్తు జుట్టు. మా పక్క వీధిలో ఒకాయన ఈ కిటుకు పట్టేశాడు. కానుగ చెట్టు ఎక్కి పై గుబురంతా నరికేసి, నాలుగు మోడు చేతులు మాత్రం ఆకాశానికి చాచి నిలబెడతాడు. మాను మొదలుకు ఎర్రమట్టి, సున్నం పట్టీలు కొట్టి ‘హెయిర్ కటింగ్’ అని పెడతాడు. ఒక్కోదానికి వేల లైకులు. తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది మరి. ఆకే చెట్టుకు వంటిల్లు. వంటిల్లు మొత్తం పోయిన చెట్టు కంగారుపడి, దాచుకున్న బలమంతా తీసి కోత చుట్టూ గుత్తులు గుత్తులుగా చిగుళ్లు వేస్తుంది. మా బత్తాయి తోటల్లో నిలువునా దూసుకొచ్చే ఇలాంటివాటిని నీటి కొమ్మలంటారు. చూడడానికి ఏపు, కాని పట్టు ఉండదు. పైపైన అతికినట్టు ఉంటాయి. ఈలోగా కోసిన మొండిలో కుళ్లు దిగుతుంది. నాలుగైదేళ్లకు గాలివాన వస్తే అవే విరిగి పడతాయి, అప్పుడు మళ్లీ ఆయననే పిలుస్తారు, మళ్లీ ఒక రీలు. ఇంత చక్కటి వ్యాపార చక్రం నాకు ఎందుకు తట్టలేదా అని ఒక్కో రాత్రి నిద్ర పట్టదు.

అమెరికా అటవీ శాఖలో అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త ఉండేవాడు. వేల చెట్లను మోటారు రంపంతో నిలువునా చీల్చి, లోపల గాయం ఏమైందో చూశాడు. చెట్టు మనలాగా గాయం మాన్పుకోదనీ, దెబ్బ తగిలిన చోటు చుట్టూ గోడ కట్టుకుని పక్కనుంచి కొత్తగా పెరుగుతుందనీ చెప్పాడు. అందుకే గాయానికి రంగు పూయడం వల్ల సాధారణంగా ఒరిగేదేమీ లేదు. ఈ మాట నేనొక వీడియోలో చెబితే, డాలస్ దగ్గర ఉంటున్న ఒక తెలుగాయన కింద ఇలా రాశారు: మా టెక్సాస్‌లో ఓక్ చెట్లకు మాత్రం కోసిన వెంటనే రంగు పూయాల్సిందే, ఓక్ విల్ట్ అనే తెగులును పురుగులు తాజా గాయాల మీదికి మోసుకొస్తాయి, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా అసలు కోయవద్దంటారు. వెతికి చూస్తే నిజమే. ఇన్నేళ్లలో తమరి ద్వారా నేను నేర్చుకున్నది అదొక్కటి. ఆ ఒక్కదానికి తమరి పాపంలో కొంత కొట్టేస్తున్నాను. షైగో గారు రీలు చేసి ఉంటే తమరు నెత్తిన పెట్టుకునేవారు, చెప్పింది వినకుండా రంపం మోత మాత్రం విని.

సెలైన్ సంగతి మరచిపోతానేమో. 2018లో మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి కొమ్మలు విరిగిపోతుంటే, అధికారులు వందల సీసాలు వేలాడదీసి సూదులతో మందు ఎక్కించారు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఏడు వందల ఏళ్లని చెప్పుకునే మర్రి ఆసుపత్రి మంచం మీద పడుకున్నట్టుగా ఉండే ఆ ఫొటో చూసి నాకూ కళ్లు చెమర్చాయి. ఆ సీసాల్లో ఉన్నది గ్లూకోజు కాదు, నీళ్లలో కలిపిన చెదల మందు. దాంతోపాటు వేళ్లకు మందు పోశారు, బరువైన కొమ్మలకు ఊతాలు కట్టారు, జనాన్ని లోపలికి రానివ్వలేదు. అవేవీ ఫొటోలో పట్టలేదు. సీసా పట్టింది. అప్పటినుంచి నా దగ్గరికి వచ్చే ప్రతి పదిమందిలో ఒకరు, “సెలైన్ పెడతారా?” అని అడుగుతారు. ఒకాయన మందార మొక్కకు అడిగారు. కుండీలో ఉన్న మందారకు. దానికి కావలసింది మంచినీళ్లు. ఆ మాట చెప్పి ఫీజు అడిగితే ఆయనకు కోపం వచ్చింది.

మేనల్లుడు పట్టుదల వదలకుండా ఒకసారి ఐదు వందలు కట్టి ప్రచారం పెంచాడు. ‘చెట్ల మీద ఆసక్తి ఉన్నవారు’ అని ఎంచుకున్నాడు. చెట్ల మీద ఆసక్తి ఉన్నవారందరూ పన్నెండో అంతస్తులో ఉంటున్నారని అప్పుడు తెలిసింది. కింద నేల మీద చెట్టు ఉన్నవారికి ఆసక్తి లేదు, ఆకులే ఉన్నాయి. పోతే, తమరు నన్ను కూడా కొనుగోలుదారుల జాబితాలో వేసుకున్నారు. ఆ మర్నాటి నుంచి నాకు ప్లాస్టిక్ గడ్డి ప్రకటనలు మొదలయ్యాయి.

వేపచెట్లు మాడిపోయిన ఏడాది సంగతి క్లుప్తంగా చెబుతాను. 2021లో తెలంగాణ అంతటా వేపల చిగుళ్లు కాల్చినట్టుగా ఎండిపోయాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అనే రసం పీల్చే పురుగు అని శాస్త్రవేత్తలు చెప్పారు. తమరి దగ్గర మాత్రం పసుపు ముద్ద, పేడ నీళ్లు, ఒక చోట దిష్టి గుమ్మడికాయ కూడా వైద్యానికి దిగాయి. ‘తొందరపడి కొట్టేయకండి, నీళ్లు పెట్టండి, చిగురిస్తాయి’ అని నేను ఒక వీడియో పెట్టాను. మా చుట్టుపక్కల చాలావరకు చిగురించాయి కూడా. వీడియో మాత్రం ఇంకా మాడిపోయే ఉంది.

ఇక అసలు సంగతికి వస్తాను. మొన్న ఆషాఢంలో ఒక పెద్దావిడ ఫోను చేశారు. మా నంబరు ఎక్కడ దొరికిందమ్మా అని అడిగితే, పాలబ్బాయి ఇచ్చాడన్నారు. తమరెవరో ఆవిడకు తెలియదు. పెరట్లో వాళ్లాయన నాటిన బంగినపల్లి మామిడి ఉంది. కాయలు దిగిపోయాయి. గుబురు లోపల గాలి ఆడక కొమ్మలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి, కొన్ని ఎండాయి. మూడు గంటలు చెట్టు మీదే ఉన్నాను. ఎండువి తీశాను, రాసుకునేవాటిలో బలహీనమైనదాన్ని తీశాను, లోపలికి వెలుతురు దిగేలా అక్కడొకటి ఇక్కడొకటి పలచన చేశాను. పచ్చి కొమ్మల్లో ఐదో వంతు కూడా తగ్గించలేదు. దిగాక ఆవిడ వరండాలోంచి వచ్చి, చెయ్యి అడ్డం పెట్టుకుని చెట్టును పైనుంచి కింది దాకా చూశారు.

“ఏం కొట్టావు బాబూ? ఏమీ కొట్టినట్టు లేదే” అన్నారు.

మా నాన్న చచ్చిపోయాక నన్ను అంతగా మెచ్చుకున్నవారు లేరు. ఆ మాట మీదే ఆవిడ మూడు వందలు తగ్గించి ఇచ్చారు, అది వేరే సంగతి.

మేనల్లుడు ముందు ఒక ఫొటో, తర్వాత ఒక ఫొటో తీసి తమరి సన్నిధిలో పెట్టాడు. నాలుగు రోజుల తర్వాత వాడే నెత్తి కొట్టుకుంటూ వచ్చాడు. ‘ముందు’ అని రాసినచోట తర్వాతది, ‘తర్వాత’ అని రాసినచోట ముందుది పెట్టాడట. ఎవరూ కనిపెట్టలేదు. ఫోను తీసి నేను కూడా చాలాసేపు చూశాను. చివరికి గోడ మీద ఆరేసిన చీర రంగును బట్టి తేల్చుకున్నాం.

సరిదిద్దనా అని అడిగాడు. వద్దన్నాను.

ఇట్లు,
తమరి పేజీలో 312 మంది ఫాలోవర్లు గల
చెట్ల పనివాడు

తా.క.: ఆ 312లో ఒకటి మా పక్క వీధి హెయిర్ కటింగ్ ఆయనది. మూడు కోతల వీడియోకు లైకు కొట్టింది ఆయనొక్కడేనని మావాడు చెప్పాడు. ఎందుకో అడగాలని ఉంది.