సూత్రధారికి కావలసింది హీరో కోపమే

కర్నూలు థియేటర్లలో పగ కథలకు ఎన్నడూ కరువు లేదు. ఇప్పుడు వాటికి సూత్రధారి విలన్ తోడయ్యాడు. హీరో ఎక్కడికి వెళ్తాడో, ఎవరిని నమ్ముతాడో అతనికి ముందే తెలుసు. ఎలా తెలుసు? గోడ నిండా కెమెరా దృశ్యాలు, అమ్ముడుపోయిన ఒక పోలీసు అధికారి. దీన్ని తెలివి అంటే నేను ఒప్పుకోలేను. విలన్ చేయాల్సిన ఆలోచన రచయితే చేసి పెట్టాడు.

సీమలో పెరిగినవాళ్లకు ఈ తేడా తెలుసు. ఫ్యాక్షన్ రోజుల్లో ప్రత్యర్థి కోసం మాటు వేసేవాళ్లు కోర్టు వాయిదాల కోసం కాచుకునేవారు. ఆ తేదీన ఆ మనిషి ఆ దారిన రాక తప్పదు. అవతలివాడు తప్పించుకోలేని పని ఏదో కనిపెట్టడమే పన్నాగానికి పునాది. పగబట్టినవాడికి అలాంటి పని ఒక్కటే. తండ్రిని చంపితే కొడుకు వస్తాడు. ఎప్పుడు వస్తాడన్నదే ప్రశ్న. అంటే హీరో కోపమే విలన్‌కు దారి చూపిస్తుంది. కెమెరాలు దేనికి?

2018లో వచ్చిన ‘అరవింద సమేత వీర రాఘవ’ ఈ సంగతిని బాగా పట్టుకుంది. అందులో విలన్ బసిరెడ్డి మేధావి కాదు, మొండివాడు. కానీ హీరో రాఘవ కత్తి దించి రాజీ మాట ఎత్తగానే అతని కాళ్ల కింద నేల కదిలిపోతుంది. రాజీకి ఒప్పుకున్న సొంత కొడుకునే చంపేస్తాడు. ఆ సన్నివేశం నన్ను చాలా రోజులు వదల్లేదు. పగ ఆగిపోతే ఆ మనిషికి ఇంకేమీ మిగలదు. కొడుకు కన్నా పగే అతనికి దగ్గర చుట్టం.

2003 నాటి ‘ఒక్కడు’లోనూ అంతే. హైదరాబాద్ నుంచి కబడ్డీ ఆడటానికి కర్నూలు వచ్చిన హీరో అజయ్‌కు విలన్ ఓబుల్‌రెడ్డితో ఏ పాత పగా లేదు. అందుకే కొండారెడ్డి బురుజు దగ్గర అతను చేయి చేసుకుంటాడని ఓబుల్‌రెడ్డి ఊహించలేకపోయాడు.

మా బురుజును, మా ఊళ్లను నెత్తుటి మరకలుగా మాత్రమే చూపించిన సినిమాలు లెక్కలేనన్ని. ఇంకొకటి తీయక తప్పదంటే, ఆ దర్శకుడి నుంచి ఒక్క సన్నివేశం కోరుకుంటాను. హీరో వరసగా నలుగురిని చంపుతాడు. ఐదోవాడి ఇంటికి వెళ్లేసరికి అతను పారిపోకుండా అరుగు మీదే కూర్చుని ఉంటాడు. చచ్చిన నలుగురూ విలన్‌కు అడ్డుగా ఉన్నవాళ్లేనని, ఇన్నాళ్లూ హీరో తీర్చింది విలన్ పగేనని ఆధారాలతో చెబుతాడు. హీరో చేతిలో కొడవలి ఇంకా ఎత్తే ఉంటుంది.